ఓబుళమ్మ తాలూకు

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలం. ఒక పెద్ద ఏరు. ఏటికి ఆవల ఒక రాజ్యం, ఈవల ఒక రాజ్యం. ఆవల యుద్ధం మొదలైంది. అది మొదలైన నాడు పుట్టిన పిల్లలు ముసలివాళ్ళయ్యారు గాని, అది మాత్రం ముగియలేదు.

పాపం, జనం పిల్లల్ని చంకనేసుకుని ఏరు దాటి వచ్చేవాళ్ళు. మొదట్లో ఈవలి రాజు మంచివాడే, అబద్ధమెందుకు చెప్పాలి. గాదెలు తెరిచాడు, పాకలు వేయించాడు. ఏళ్ళు గడిచేసరికి విసుగొచ్చింది. "ఇక్కడ చుట్టం ఉన్నవాళ్ళే ఉండాలి. లేనివాళ్ళని తిరిగి ఏరు దాటించండి" అని చాటింపు వేయించాడు. మళ్ళీ యుద్ధంలోకి తోలేయమనేగా దానర్థం!

ఆ పడవలు ఆగే ఈవలి రేవులో ఓబుళమ్మ అని ఒకావిడ అంబలి కాచి అమ్మేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఒంటి మనిషి. చాటింపు విన్న మర్నాడు ఒక ముసలాయన పడవ దిగాడు. రేవు అధికారి అడ్డుపడ్డాడు.

"ఈయన ఎవరికి చుట్టం?"

"నాకు. మా మేనమామ" అంటూ ఓబుళమ్మ అంబలి ముంత ముసలాయన చేతిలో పెట్టింది.

ఇంకో పడవలోంచి చంటిపిల్లతో ఒకమ్మాయి దిగింది.

"ఈమె ఎవరికి చుట్టం?"

"నాకు. మా చెల్లెలు."

ఇంకో పడవలోంచి ఒక కుర్రాడు దిగాడు. మన మాట ఒక్క ముక్క రాదు.

"వీడు ఎవరికి చుట్టం?"

"నాకు. మా అల్లుడు."

"కూతురు లేకుండానే అల్లుడా?"

"ముందు అల్లుణ్ణి చూసుకున్నా. నీకేం నష్టం?"

అలా దిగినవాళ్ళందరికీ వరస కలుపుతూనే పోయింది. అధికారికి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు బతికున్నన్నాళ్ళే ఈ చుట్టరికం. నువ్వు పోయిన రోజే వీళ్ళందర్నీ పడవెక్కిస్తాను."

"ఎక్కించు, చూద్దాం" అంది ఓబుళమ్మ.

ఏళ్ళు గడిచి, ఆమె పోయింది. దహనం చేసి జనం తిరిగొచ్చారో లేదో, అధికారి భటులతో దిగాడు. ఆమె గుడిసె ముందు అందరూ తడిబట్టలతో కూర్చుని ఉన్నారు.

"మీ చుట్టం పోయిందిగా, లేవండి."

"ముట్టుకోకు, మైలలో ఉన్నాం. మా మేనకోడలు పోయింది" అన్నాడు ముసలాయన.

"మా అక్క పోయింది" అంది ఆనాటి చంటిపిల్ల తల్లి.

"మా అత్త పోయింది" అన్నాడు అల్లుడు. ఇప్పుడు వాడికి మన మాట బాగానే వచ్చు.

మైలలో ఉన్నవాళ్ళని ముట్టుకుంటే తమకూ మైలేనని భటులు వెనక్కి తగ్గారు. అధికారి పడవవాళ్ళ వైపు తిరిగాడు. "మాకు వదినయ్యా ఆవిడ. మేమూ మైలే" అన్నారు వాళ్ళు.

"ఏం చూస్తున్నారు, ఈడ్చండి" అని భటుల మీద అరిచాడు. వాళ్ళలో పెద్దవాడు బల్లెం కింద పెట్టేశాడు.

"రోజూ 'తమ్ముడూ' అని పిలిచి అంబలి పోసింది. నాకూ మైలే" అని జనం మధ్యకెళ్ళి కూర్చున్నాడు. మిగతా భటులూ కూర్చున్నారు. రేవు మొత్తానికి అధికారి ఒక్కడే నిలబడి మిగిలాడు.

రాజుకి సంగతి తెలిసింది. ఎవర్ని పంపి ఎవర్ని పట్టించాలో పాలుపోలేదు. సిగ్గుపడ్డాడో భయపడ్డాడో గాని, చాటింపు వెనక్కి తీసుకున్నాడు. గాదెలు మళ్ళీ తెరిచారు.

ఇప్పటికీ ఆ రేవులో కొత్త మనిషి దిగితే ముందు వరస కలుపుతారు, పేరు తర్వాత అడుగుతారు. ఏ అధికారైనా వచ్చి "ఎవరు వీళ్ళు?" అని గద్దిస్తే రేవు రేవంతా ఒకటే మాట.

"ఓబుళమ్మ తాలూకు. ఏం?"