తప్పుమాట ఒక్కటీ లేని పాట

అనగనగా, పాటంటే చెవి కోసుకునే అడవి ఒకటి ఉండేదర్రా. పొద్దున లేస్తే పాట, మేతకు పోతే పాట, మడుగులో దిగితే పాట. పాట వినబడకపోతే అక్కడ ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఆ అడవిలో పొలుసయ్య అనే అలుగు ఉండేవాడు. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పొలుసులు, జానెడు నాలుక, పుట్టలు తవ్వి చీమల్ని తినే జంతువు. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. పొలుసయ్య మాత్రం సిగ్గేసినా చుట్టుకుపోయేవాడు. రెండు పావురాలు ఒకే కొమ్మ మీద కాస్త దగ్గరగా వాలినా సరే, కింద ఈయన ఉండయిపోయేవాడు. అంచేత అడవిలో అందరూ ఆయన్ని చాలా పెద్దమనిషి అనుకునేవారు. ఆయనకు పారిజాతం అనే కూతురుంది. తన పుట్ట తనే తవ్వుకుని తినగలిగే వయసు.

ఆ ఏడు తొలకరికి తాయారు అనే పికిలిపిట్ట కొత్త పాట కట్టింది.

"ఇప్పచెట్టు కింద వాన,
ఇద్దరికీ ఒకటే ఆకు,
ఇంకాస్త జరగవోయ్,
తడిస్తే నాకేం తెలియదు."

పాట రెండు రోజుల్లో అడవంతా పాకింది. ఎలుగుబంట్లు ఈల వేశాయి. ముసలి కుందేళ్ళు కూడా ఎవరూ చూడకుండా కూనిరాగం తీశాయి. ఒకరోజు వరలక్ష్మమ్మ అనే దుప్పిని ఆమె పిల్ల అడిగింది, ఇద్దరికీ ఒకటే ఆకు ఎందుకమ్మా, అడవిలో ఇంకో ఆకు లేదా అని. వరలక్ష్మమ్మ దాన్ని నోర్ముయ్యమంది. తిన్నగా అడవి పెద్ద భద్రమ్మ దగ్గరికి పరిగెత్తింది. పిల్ల మాత్రం ఆ సంగతి అప్పుడే మర్చిపోయి సీతాకోకచిలుక వెంట పోయింది.

భద్రమ్మ ఏనుగు. తొందరపడే మనిషి కాదు. కానీ వరలక్ష్మమ్మ వెంట సగం అడవి వచ్చింది. పిల్లలు చెడిపోతున్నారని ఒకరు, రోజులు పాడైపోయాయని ఒకరు గోల పెట్టారు. సరే, పాటల సంగతి నాకు తెలియదు, మీరే ఒక సంఘం పెట్టుకోండి అంది భద్రమ్మ.

అలా పాటల పరిశీలన సంఘం ఏర్పడింది. పెద్దమనిషి కాబట్టి పొలుసయ్య దానికి అధ్యక్షుడు. సభ్యులు ఇద్దరు. ఒకరు కొంగ. ఆయన ఏ పాటైనా కళ్ళు మూసుకుని విని, లోతుగా పరిశీలించాలి, ఇంకోసారి పాడించండి అనేవాడు. తాయారు పాటను అలా పదకొండుసార్లు పరిశీలించాడు. రెండో సభ్యుడు తాబేలు. ఆయన తల డొప్పలోకి లాక్కుని వినేవాడు. సగమే వినపడేది. వినపడని సగం తప్పకుండా చెడ్డదే అయ్యుంటుందని వాదించేవాడు.

మొదట సంఘం "తడిస్తే" అన్న ఒక్క మాట కొట్టేసింది. ఆ చోట "ఊఁహూఁ" అనమని తాయారుకు చెప్పింది. తాయారు అలాగే పాడింది. అంతకుముందు అది వాన గురించిన పాట. ఇప్పుడు "ఊఁహూఁ" రాగానే కొండముచ్చులు ఒకరినొకరు పొడుచుకుని నవ్వడం మొదలుపెట్టాయి. ఎవరి మనసులో ఏముందో ఆ "ఊఁహూఁ"లో అదే వినపడింది. వానలో తడవడం మాత్రం ఎవరికీ వినపడలేదు.

అప్పుడు సంఘం నిషేధించిన మాటల జాబితా రాసింది. వాన, ఆకు, తేనె, పండు అన్నీ అందులో చేరాయి. చివరికి ఏ పువ్వు వెనక ఏ అర్థం దాక్కుందో ఎవరికి తెలుసని పువ్వుల పేర్లన్నీ చేర్చారు. తల్లి ఎలుగు తన కూనకు జోలపాట పాడేది, "తేనె తాగి బజ్జోరా" అని. తేనె అనకూడదు కనక "అది తాగి బజ్జోరా" అని మార్చుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి, అదేమిటమ్మా అని అడిగి మరీ వెళ్ళేవారు.

పువ్వుల పేర్లు చేర్చిన రోజు పొలుసయ్య ఇంటికి రాగానే పారిజాతం ఆయన పక్కన కూర్చుంది.

"నాన్నా, నా పేరు కూడా పువ్వే కదా. నన్ను ఇకనుంచి ఏమని పిలుస్తారు?"

 కూతురైనా సరే, నియమం నియమమే అనుకున్నాడు పొలుసయ్య. "అమ్మాయీ అంటాను" అన్నాడు.

మూడోసారి సంఘం తాయారు నోరే ఎత్తకూడదంది. తాయారు ఏటి అవతలికి వెళ్ళిపోయింది. అక్కడ సంఘం మాట చెల్లదు. సాయంత్రమైతే చాలు, అడవి అడవంతా ఏరు దాటి పోయేది. వరలక్ష్మమ్మ కూడా పోయేది. ఆ పాట ఎంత చెడ్డదో పూర్తిగా తెలుసుకోవద్దూ మరి అని చెప్పేది.

ఇలా ఉండగా నీలకంఠం వచ్చాడు.

నీలకంఠం మగ నెమలి. మహా అందగాడు. ఎక్కడికి వెళ్ళినా పింఛం నేలకు తగలకుండా ఎత్తిపట్టుకోవడానికి వెనక రెండు నక్కలు నడిచేవి. ఆయన తల తిప్పితే కుర్ర కొండముచ్చులు తల తిప్పేవి, ఆయన గొంతు సవరిస్తే అడవిపందులు గొంతు సవరించుకునేవి. ఆయన సంఘం ముందు నిలబడి వినయంగా నమస్కారం పెట్టి పాడాడు.

"దారిన పోయే చినదానా,
దాక్కున్నా వదలనులే,
వద్దంటే అవునన్నట్టే,
వచ్చేస్తా నీ వెనకాలే."

పొలుసయ్య జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్క మాటా సరిచూశాడు. వాన లేదు. తేనె లేదు. పువ్వు లేదు. ఆయన పొలుసు ఒక్కటీ ముడుచుకోలేదు. ఎంత హాయిగా ఉందనుకున్నాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని వినదగ్గ పాట ఇదేనని మెచ్చుకుని, టేకు ఆకు మీద తన పాదముద్ర వేసి ఇచ్చాడు. కొంగ మాత్రం ఈసారి ఒక్కసారే విన్నాడు. ఇంకోసారి పాడించమనలేదు.

ముద్ర పడిన పాట కదా, అందరూ దర్జాగా పాడారు. బడిలో పిల్లలకు కూడా నేర్పారు.

కొన్నాళ్ళకు పారిజాతం చిక్కిపోవడం మొదలుపెట్టింది. పొద్దున బయల్దేరేది, కాసేపటికే తిరిగొచ్చేది. ఆకలి లేదనేది. వాళ్ళ పుట్ట ఇంటికి పది నిమిషాల దూరం. ఆమె మాత్రం గుట్ట చుట్టూ తిరిగి గంట నడిచి వెళ్ళేది. తర్వాత అదీ మానేసింది. ఎండ ఒంటికి పడటం లేదేమో అనుకున్నాడు పొలుసయ్య. కడుపులో నులిపురుగులేమో అనుకున్నాడు. వేపాకు నూరి మింగించాడు.

ఒక సాయంత్రం ఆమె ధైర్యం చేసి మళ్ళీ పాత దారిన బయల్దేరింది. ఎందుకో పొలుసయ్యకు మనసాగలేదు. కొంచెం వెనకగా తనూ నడిచాడు. మలుపు తిరిగేసరికి పాట వినబడింది. దారి మధ్యలో పారిజాతం ఉండలా చుట్టుకుని పడి ఉంది. చుట్టూ ఒక కుర్ర అడవిపంది, రెండు కొండముచ్చులు. చప్పట్లు కొడుతూ పాడుతున్నాయి. ఒక కొండముచ్చు కర్రపుల్లతో ఆ ఉండను అటూ ఇటూ దొర్లిస్తోంది. "వద్దు, వద్దు" అని లోపలినుంచి సన్నగా వినపడుతోంది. ఆ మాట వినపడినప్పుడల్లా వాళ్ళు మూడో పాదం ఇంకా గట్టిగా అందుకుంటున్నారు.

"ఆపండి" అన్నాడు పొలుసయ్య.

వాళ్ళు ఆపారు. పారిపోలేదు. వంగి మర్యాదగా నమస్కారం పెట్టారు. మాది తప్పేం లేదండీ, మీరు ముద్ర వేసిన పాటేనండీ అన్నాడు అడవిపంది. నిజంగానే వాడి మొహంలో తప్పు చేస్తున్నానన్న భావన ఎక్కడా లేదు. తాయారు పాట లాంటివి తను చచ్చినా పాడనని కూడా చెప్పాడు.

పొలుసయ్యకు ఒంట్లోని సిగ్గంతా ఒక్కసారిగా ముంచుకొచ్చింది. అయినా ఆ రోజు ఆయన చుట్టుకుపోలేదు. వాళ్ళు వెళ్ళేదాకా నిటారుగా నిలబడే ఉన్నాడు. తర్వాత కూతురి పక్కన కూర్చున్నాడు. ఆ ఉండ విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగాడు.

"ఆ పాట వచ్చిన దగ్గర్నుంచి."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను నాన్నా? ముద్ర మీదే కదా."

పొలుసయ్య తల దించుకున్నాడు. అందులో తప్పుమాట ఒక్కటీ లేదే, నేను అక్షరం అక్షరం చూశానే అని గొణిగాడు.

పారిజాతం ఒంటిమీది దుమ్ము దులుపుకుంది. "తాయారక్క పాటలో అమ్మాయి తనే రమ్మంటోంది. ఈ పాటలో అమ్మాయి వద్దంటోంది. మీకు ఆ తేడా వినపడలేదా నాన్నా?"

మర్నాడు పొలుసయ్య భద్రమ్మకు చెప్పి సభ పెట్టించాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. వినమని నన్ను కూర్చోబెట్టారు, నేను జాబితా చూస్తూ కూర్చున్నాను అన్నాడు. సభలో గుసగుసలు లేచాయి. కొంగ గొంతు సవరించుకుని, సంఘం పొరపాటేమీ లేదని, కావాలంటే ఈ పాటలోని మాటలు కూడా జాబితాలో చేర్చేద్దామని అన్నాడు. "దారి", "వెనక" అన్న మాటలు రేపటినుంచి నిషేధిస్తే సరిపోతుందట. అయితే ఇంటికి దారి ఎటని అడగాలంటే ఎలా అని ఒక కుందేలు అడిగింది. కొంగ దాన్ని పరిశీలిస్తానన్నాడు.

భద్రమ్మ నీలకంఠాన్ని ముందుకు పిలిచింది. నీలకంఠం నవ్వుతూనే వచ్చాడు. ఇదంతా సరదా పాటండీ అన్నాడు. ఆడపిల్లలు పైకి అలా వద్దంటారు గానీ లోపల వాళ్ళకు ఇష్టమేనని, అదే తన పాటలోని అందమని చెప్పాడు. నక్కలు చప్పట్లు కొట్టాయి.

"అలాగా నాయనా" అంది భద్రమ్మ. "అయితే ఆ పాట నాకూ పాడు. ఆ పిల్లలు పాడినట్టే, నా వెనకాల నడుస్తూ పాడు."

ఆమె లేచి నాలుగడుగులు వేసింది. నీలకంఠం పింఛం విప్పుకుని వెనక నడుస్తూ పాట అందుకున్నాడు. రెండో పాదం దాకా వచ్చాడు. భద్రమ్మ ఆగింది, వెనక్కి తిరిగింది. గొంతు పెంచలేదు.

"వద్దు" అంది.

నీలకంఠం టక్కున ఆపేశాడు.

"ఆపావేం?"

"మీరు వద్దన్నారు కదండీ."

"వద్దంటే అవునన్నట్టే కదా?"

నీలకంఠం ఆమె కాళ్ళ వంక చూశాడు. ఒక్కో కాలు మద్దిమాను మొదలంత ఉంది.  విప్పిన పింఛం దానంతటదే ముడుచుకుపోయింది.

"అయితే వద్దంటే ఏమిటో నీకు ముందునుంచీ తెలుసు. అనేది ఎవరో చూసుకుని అర్థం మార్చుకుంటున్నావు" అంది భద్రమ్మ.

 కుర్ర అడవిపంది ఎందుకో నేల గీకడం మొదలుపెట్టాడు.

పొలుసయ్య ఊరుకోలేకపోయాడు. పాత అలవాటు కదా. ఆ పాటను కూడా వెంటనే నిషేధించాలని లేచాడు. పారిజాతం వద్దంది. నిషేధిస్తే ఏటి అవతలికి పోయి పాడతారు, ఇక్కడికంటే ఎక్కువ గుంపు చేరుతుంది అంది. దానికి బదులు, దారిలో తనని ఆపినవాళ్ళు ఇక్కడ కూర్చుని తను చెప్పేది వినాలంది. చెప్పింది కూడా. ఆ పది నిమిషాల దారి తనకు ఎంత పొడుగైపోయిందో, ఉండగా చుట్టుకున్నాక లోపల ఎంత చీకటిగా ఉంటుందో, పుల్ల తగిలినప్పుడు ఎలా ఉండేదో అన్నీ చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే ఇంకో దుప్పి పిల్ల లేచి నాకూ ఇలాగే జరిగిందంది. తర్వాత ఒక కుందేలు లేచింది. తర్వాత ఒక ముంగిస. సభ మధ్యాహ్నం దాకా సాగింది.

సంఘం పెట్టుకోమన్నది నేనే, మీ గోల వినలేక ఆ పని నెత్తిన వేసుకోకుండా తప్పుకున్నాను అని భద్రమ్మ కూడా ఒప్పుకుంది. సంఘం రద్దయింది. కొంగ చాలా బాధపడ్డాడు. పరిశీలించాల్సినవి ఇంకా ఎన్నో మిగిలిపోయాయన్నాడు. తాబేలుకు సంఘం రద్దయిన సంగతి సగమే వినపడింది. వారం రోజులు ఒక్కడే కూర్చుని సమావేశం జరిపాడు.

నీలకంఠం పాటను ఎవరూ నిషేధించలేదు. కానీ ఎవరైనా దాన్ని ఎత్తుకోబోతే, పక్కనున్నవాళ్ళు భద్రమ్మను పిలవమంటారా అని అడిగేవారు. పాట అక్కడే ఆగిపోయేది. తాయారు ఏరు దాటి తిరిగొచ్చింది. వరలక్ష్మమ్మకు ఇక అంత దూరం నడిచే పని తప్పింది.

సభ జరిగిన మర్నాడు పొద్దున్నే పారిజాతం పుట్టకు బయల్దేరింది. పాత దారినే. పొలుసయ్య తనూ వెంట వెళ్దామని లేచి నాలుగడుగులు వేశాడు.

"వద్దు నాన్నా. నేనొక్కదాన్నే వెళ్తాను."

పొలుసయ్య ఏదో చెప్పబోయాడు. దారి మంచిది కాదని, నీ మంచికేనని, వెనకాలే దూరంగా నడుస్తానని. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగేసి వెనక్కి వచ్చి గుమ్మం ముందు కూర్చున్నాడు.

"సరే పారిజాతం" అన్నాడు.

నీతి: పాటలో ఏ మాట ఉందని వెతికితే చాలదు, ఆ పాట ఎవరినేం చేస్తోందో వినాలి, "వద్దు" అన్నది ఎంత చిన్న గొంతైనా దానికి ఒకటే అర్థం.