ఫక్కీరమ్మను అడిగిన రోజు

వన్నూరప్ప బజారులో తలుపుకు వేసే బీగం కొని, ఇంటికి పోకుండా నేరుగా కొండెక్కి బుడన్ తాత దగ్గరికి వచ్చాడు.

బుడన్ తాత కొండమీది దర్గా పక్కన రాతిగదిలో ఉండే ఫకీరు. వన్నూరప్ప ఆయన శిష్యుడు. పొద్దున్నే వచ్చి దర్గా ఊడుస్తాడు, తాతతో కలిసి నమాజు చేస్తాడు, తర్వాత దిగిపోయి పరుపులు కుట్టే కొట్టుకు పనికి పోతాడు.

"తాతా, మా అమ్మకు మతి నిలవడం లేదని చెప్పినా గదా. నిన్న మళ్ళీ ఇల్లు వదిలి పోయింది. తార్రోడ్డు నడిమధ్యలో నిలబడింటే లారీ డ్రైవరు దిగి పక్కకు పట్టుకొచ్చినాడు. ఇంక నేను పనికి పోయేటప్పుడు బయట బీగం వేసి పోదామనుకుంటాండా. పాపమవుతుందేమోనని నిన్ను అడగను వచ్చినా."

"నన్నెందుకు? మీ అమ్మను, ఫక్కీరమ్మను అడిగినావా?"

వన్నూరప్పకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"ఆమెకు నా పేరే తెలీదు తాతా. ఒకసారి నాయనా అంటుంది, ఒకసారి ఎవరప్పా నువ్వు అంటుంది. ఏమని అడిగేది? ఏ చీర కట్టుకోవాల, ఏం తినాల, ఎప్పుడు పండుకోవాల, అన్నీ నేనే చూసుకుంటాండా. దేనికీ ఆమెను కష్టపెట్టను."

ఆ చివరి మాట కొంచెం గట్టిగానే అన్నాడు. అలాంటి కొడుకు ఊళ్ళో ఇంకొకడు లేడని నలుగురూ అనడం అతను విన్నాడు.

తాత చేతికర్ర తీసుకున్నాడు.

"పద," అన్నాడు.

ఫక్కీరమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి పరుపులన్నీ ఆమె ఏకిన దూదితో కుట్టినవే. ఇప్పుడు ఖాళీ చేతులతోనే దూది విడదీస్తున్నట్టు వేళ్ళు కదుపుతూ ఉంది.

తాత ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కొత్త బీగాన్ని తాళంచెవితో సహా ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఫక్కీరమ్మా, బయటికి పోయి దోవ తప్పుతాండావంట. తలుపుకు బీగం వేద్దామంటాడు నీ కొడుకు. నువ్వేమంటావు?"

ఆమె వేళ్ళు కదుపుతూనే ఉంది.

"చెప్పినా గదా తాతా, ఆమెకు..."

తాత చెయ్యెత్తాడు.

తాత మళ్ళీ అడగలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ, లోకంలో వేరే పనేమీ లేనట్టు కూర్చున్నాడు. ఎండ జరుగుతూ వచ్చి ఆయన మోకాలిమీద పడింది. వీధిలో పోయే మేక ఒకటి వసారా ముందు ఆగి, చూసి, పోయింది. వన్నూరప్పకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. అమ్మ ముందు ఇంతసేపు ఊరికే కూర్చుని ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

ఫక్కీరమ్మ వేళ్ళు ఆగాయి. ఒళ్ళోని బీగాన్ని పట్టుకుంది.

"పగలు వద్దు," అంది.

వన్నూరప్ప ఉలిక్కిపడ్డాడు.

ఆమె పెదవులు కదిలాయి. మాట దొరకడం లేదు. తాత అందివ్వలేదు.

"పగలు ఊపిరాడదు. మాపటికి వెయ్యండి. మాపటికి... నాకూ భయమే. ఇల్లు యాడుందో కనపడదు."

ఆమె తప్పిపోతుందని వన్నూరప్ప భయపడ్డాడు. ఆమె కూడా భయపడుతూ ఉందని ఏ రోజూ అతనికి తోచలేదు.

"పగలు మరి ఎట్లా?" అన్నాడు తాత.

ఫక్కీరమ్మ కొడుకు వైపు తిరిగింది. తలనుంచి కాళ్ళదాకా నిదానంగా చూసింది.

"ఈయప్ప మంచోడు మాదిరి ఉండాడు. పనికి పోతే నన్నూ తోడుకోని పొమ్మను. దూది పని నాకొచ్చు."

వన్నూరప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తాత లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి తలుపుకు లోపలివైపు బీగం వేసి పడుకున్నారు. మరుసటి రోజు వన్నూరప్ప అమ్మను కొట్టుకు తీసుకుపోయాడు. ఆమె దూది ముందు కూర్చుంది. సాయంత్రందాకా లేచి పోదామని ఒక్కసారి కూడా అనలేదు. చీకటి పడ్డాక ఇంట్లో బీగం తానే తెచ్చి కొడుకు చేతికిచ్చింది.

ఆ మర్నాడు నమాజు అయ్యాక వన్నూరప్ప దిగులుగా తాత దగ్గర కూర్చున్నాడు.

"తాతా, పొద్దున లేస్తానే బీగం వేసిందెవరని నన్ను తిట్టింది. నువ్వే వెయ్యమన్యావు గదమ్మా అంటే, నేనెప్పుడన్యా అంటుంది. నువ్వు వచ్చింది గూడా తెలీదంట. ఆమె చెప్పిన మాట ఆమెకే గుర్తు లేకపోతే, ఇంక ఆ మాటను నేనేం చేసుకునేది?"

తాత చాప చుడుతూ ఉన్నాడు.

"నిన్న నమాజు చేసినావు గదా?"

"చేసినా."

"మళ్ళీ ఈ పొద్దెందుకు చేసినావు?"

వన్నూరప్ప లేచి, కొండ దిగి, ఇంటికి పోయి, అమ్మ ముందు మోకాళ్ళమీద కూర్చుని బీగం ఆమె ఒళ్ళో పెట్టాడు.