కుండ ముందు శాలువా

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే మంగతాయారు చేతిపని గొప్పదే గానీ, ఏం జరిగినా ఒకే కారణం చెప్పి ఊరుకునే అలవాటు ఆమెకి ఉండేది. పాలు విరిగినా, గడియారం ఆగినా పక్కింటి పిల్లి మీదకి తోసేసేది.

అలాంటి మంగతాయారుకి కీళ్లవాతం వచ్చింది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయేవి. రాజమండ్రి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వాడాక కుదుటపడ్డాయి. మళ్లీ పలుచని బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద పరిచి, రేకులు తీసేది.

కొన్నాళ్లకి ఒళ్లు బరువెక్కింది. జుట్టు రాలింది. గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నానికే నీరసం వచ్చేసేది. "అంతా ఈ వాతమే" అనేది మంగతాయారు.

తోడికోడలు వరహాలమ్మ ఆమె పక్కనే కూర్చుని రేకులు చుట్టేది. రోహిణీకార్తెలో ఒకరోజు అడిగింది.

"అదేంటక్కా, నిప్పు ముందు శాలువా కప్పుకున్నావు? నేనిక్కడ ఉడికిపోతున్నాను."

"చలిగా ఉందే. వాతం ఉన్నవాళ్లకి అంతే."

"నీ వాతం మహా పనిమంతురాలక్కా. అన్నీ అదొక్కటే చేస్తోంది."

'ఇన్ని మాత్రలు మింగినా నీరసం తగ్గలేదంటే మందు పనిచెయ్యట్లేదన్నమాట' అనుకుంది మంగతాయారు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. కొద్ది వారాల్లోనే వేళ్లు వాచాయి. గుడ్డ పట్టు జారేది. తీసిన ప్రతి రేకూ చిరిగేది.

"ఈ చేతులింక కుండకి పనికిరావే. నువ్వే తీసుకో" అంది వరహాలమ్మతో. మంగతాయారుకి చిన్నప్పటినుంచీ తెలిసిన పని అదొక్కటే. వరహాలమ్మ కుండ తీసుకోలేదు. ఆమెని రాజమండ్రి బస్సెక్కించి, తనూ వెంట వెళ్లింది.

"ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏం లేవండి. ఈ నొప్పులే."

"అబద్ధమండి" అని వరహాలమ్మ శాలువా దగ్గర్నుంచి బొంగురు గొంతు దాకా అన్నీ చెప్పేసింది. మాత్రలు మానేసిన సంగతి అప్పుడు మంగతాయారే చెప్పింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది.

"మాత్రలు కీళ్లకి బాగానే పనిచేశాయమ్మా. నీరసం వేరే చోటునుంచి వచ్చింది" అంది డాక్టరమ్మ. "ఒంటిని కాపాడాల్సిన రక్షణశక్తే దారి తప్పి కీళ్ల మీద పడితే ఈ వాతం. కొందరిలో అది మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మీద కూడా పడుతుంది. అందరికీ రెండూ రావు. ఒకటి ఉన్నప్పుడు రెండోది ఉందేమో చూసుకోవాలి."

"ముందే చెప్పకపోయారా అండీ?"

"చలేస్తోందని మీరు చెప్పారా?"



కీళ్ల మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. పరగడుపున థైరాయిడ్ మాత్ర తోడైంది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, కొన్ని నెలలకి రేకు చిరగకుండా లేచింది. వరహాలమ్మ దాన్ని వెలుగుకి పట్టి చూసి మురిసిపోయింది.

"ఇంతకీ ఏ మాత్రకి తగ్గిందంటావక్కా?"

"రెండిటికీనే. నువ్వు బస్సెక్కించినదానికి కూడా."

తెలిసిన జబ్బు మీదే అన్నీ తోసెయ్యకూడదు. ఒంట్లో వచ్చిన ప్రతి మార్పూ వైద్యుడికి చెప్పాలి, అడక్కుండా మందు మానకూడదు.