తుమ్ము లేని కథ

ఒకానొక రాజ్యంలో రాజుగారు తుమ్మినా నగారా మోగాల్సిందే. ఆయన పేరు ప్రచండవర్మ. "మాది మామూలు తుమ్మా? ఊరంతా వినాలి!" అంటూ ఆయనే పెట్టిన ఆచారం అది. మిగతావాళ్లు తుమ్మొస్తే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి.

ఒక పండగనాడు రాజుగారు ఆరుబయట పందిట్లో కొలువుదీరారు. కాసేపటికి తుమ్మారు. నగారా ధనధనమంది. పక్కనే కట్టేసిన ఏనుగు అడవి నుంచి కొత్తగా వచ్చింది. పాపం, బెదిరి గొలుసు తెంచుకుంది. వంటశాల ముందు కారం దంచుతున్న రోలు దాని కాలు తగిలి దొర్లింది. కారం గుప్పున లేచి పందిట్లోకి కొట్టింది. రాజుగారు మళ్లీ తుమ్మారు. నగారా మళ్లీ మోగింది. ఏనుగు ఈసారి పందిరి గుంజనే పెకిలించింది. పందిరి రాజుగారి నెత్తిన కూలింది. కిరీటం దొర్లుకుంటూ వెళ్లి మజ్జిగ కాగులో మునిగింది.

చూశారా, ఇందులో ఎవరూ కావాలని ఏమీ చెయ్యలేదు. ఒకటి పోయి ఇంకోదాన్ని తోసింది, అంతే. గొలుసుకట్టు కథల్లో నవ్వు పుట్టేది అక్కడే. జనమూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు రాజుగారికి కారం కన్నా ఘాటుగా తగిలింది.

"తప్పంతా మావటి పైడన్నది! వాణ్ణి పొలిమేర దాటించండి!" అన్నారు.

పైడన్న, అప్పటికి నెమ్మదించిన ఏనుగు తొండం పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు ఆస్థానంలో కథలు చెప్పే కోనప్ప ముందుకొచ్చాడు.

"తప్పు వాడిది కాదు ప్రభూ. జరిగింది కథగా చెబుతాను, తమకే తెలుస్తుంది."

"చెప్పు. కానీ అందులో మా ఊసు వచ్చిందా, వాడితో పాటు నువ్వూ పోతావు."

"నా నోట రానివ్వను. మరి తమరే కథలోకి వచ్చేస్తే?"

"మేమెందుకొస్తాం? వస్తే మీ ఇద్దరినీ వదిలేస్తాం, పో!"

కోనప్ప గొంతు సవరించుకున్నాడు. "ఒక పందిరి. ఒక నగారా. పక్కన ఏనుగు చెరుకు తింటోంది. వంటశాల ముందు కారం దంచారు, జాడీకెత్తారు. అందరూ మజ్జిగ తాగి ఇళ్లకు వెళ్లారు. అయిపోయింది."

ఒక్కరూ నవ్వలేదు. ఎవరో ఆవులించారు.

"ఇదేం కథ!" రాజుగారు విసుక్కున్నారు. "ఏనుగు బెదరలేదేం?"

"పైడన్న పక్కనే ఉన్నాడు ప్రభూ. చప్పుడేమీ కాలేదు. ఎందుకు బెదురుతుంది?"

"నగారా మోగించవయ్యా!"

"ఊరికే ఎలా మోగుతుంది? ఎవరూ తుమ్మలేదు."

"ఎవరి చేతైనా తుమ్మించు!"

"మంత్రిగారి చేత తుమ్మించాను. ఆయన గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. నగారా మోగలేదు."

"మంత్రి తుమ్మితే ఎందుకు మోగుతుందయ్యా? మేం తుమ్మాలి!"

అనేసి రాజుగారు నాలిక్కరుచుకున్నారు.

కోనప్ప తల వంచలేదు. "నేను పిలవలేదు ప్రభూ, తమరే వచ్చారు. వచ్చాకే కథ కదిలింది. ఇప్పుడు చెప్పండి, పొలిమేర దాటాల్సింది ఎవరు?"

రాజుగారి మీసం అదిరింది. తర్వాత పొట్ట అదిరింది. ఉన్నట్టుండి పడీ పడీ నవ్వారు.

"పైడన్నా, నీ ఏనుగు దగ్గరికి నువ్వు పో. కోనప్పా, నీకేం కావాలో కోరుకో!"

"ఆ నగారా కర్రలు ఇప్పించండి."

కర్రలు కోనప్ప చేతికొచ్చాయి. నవ్వీ నవ్వీ రాజుగారు గట్టిగా తుమ్మారు. సభంతా భయంగా ఏనుగు వైపు చూసింది.

అది తాపీగా చెరుకు నములుతోంది. మంత్రిగారు తన గుడ్డ తీసి రాజుగారికి అందించారు.