పద్దెనిమిది రేకుల వడ్డాణం

అనగనగా మొగలిపురంలో గజపాలుడనే రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కూర్చుంటే కొండ కూర్చున్నట్టుండేది. రెండోవాడు కూర్చుంటే ఏనుగు కూర్చున్నట్టుండేది. మూడోవాడు తరంగుడు, వాడు అసలు కూర్చునేవాడే కాదు. అన్నం తింటూ తిరిగేవాడు, పాఠం చదువుతూ తిరిగేవాడు, తిరిగినన్ని అడుగులూ లెక్కపెట్టేవాడు.

"కాసేపు కుదురుగా ఉండరా!" అనేవాడు రాజు.

"ఉండలేను నాన్నగారూ. ఏదో ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టుంటుంది."

తరంగుడు పుట్టిన రోజే వాళ్ళమ్మ కన్నుమూసింది. ఆమె బంగారు వడ్డాణం అతని వాటాకి వచ్చింది. అదో వింత వడ్డాణం. ఎవరు పెట్టుకున్నా జారి పాదాల మీద పడేది. దాని చివర పద్దెనిమిది చిన్న చిన్న రేకులు, కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి ఉండేవి. ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు.

"పద్దెనిమిది కోటలు గెలవమని అర్థం," అన్నాడు పెద్దన్న.

"పద్దెనిమిది ఊళ్ళకి అన్నం పెట్టమని," అన్నాడు చిన్నన్న.

"మీ అమ్మగారు అప్పుడు కాస్త బొద్దుగా ఉండేవారు, అంతే!" అంది వంటలక్క.

తరంగుడికి ఏదీ నచ్చలేదు. వడ్డాణం భుజాన వేసుకుని స్తంభాలు కొలిచాడు, కాగులు కొలిచాడు, గుమ్మడికాయలు కొలిచాడు. చివరికి అన్నల చిన్ననాటి పెట్టెలు తెరిచాడు. పెద్దన్న పెట్టెలో పసిపిల్లల మొలతాడు ఉంది. దానికి అవే రేకులు, తొమ్మిది! చిన్నన్న పెట్టెలోనూ మొలతాడు, తొమ్మిది రేకులు! తన పెట్టెలో మాత్రం మొలతాడే లేదు.

అమ్మకి పురుడు పోసిన మంత్రసాని పోలమ్మ ఇంటికి పరుగెత్తాడు.

"అది మీ అమ్మ పుట్టింటి ఆచారం బాబూ," అంది పోలమ్మ. "కడుపు పెరిగేకొద్దీ వడ్డాణం చాలదు కదా? అందుకని నెలకో రేకు తగిలించుకునేది. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున ఆ రేకులే విప్పి బిడ్డకి మొలతాడు కట్టేది. అది కట్టాక ఆ ఒంట్లో ఇంకొకరి ప్రాణం నిలవదు. నీకు కట్టేదాకా ఆ తల్లి బతకలేదు."

"నెలకో రేకైతే నాకు తొమ్మిదే ఉండాలి కదా? ఇంకో తొమ్మిది ఎవరివి?"

పోలమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"మీ చెల్లెలివి. నాడి చూసి ఇద్దరని మీ అమ్మకి నేనే చెప్పాను, అందుకే నెలకి రెండేసి రేకులు తగిలించుకుంది. ముందు నువ్వు పుట్టావు, నీ వెనక ఆడపిల్ల. నేను వేణ్ణీళ్ళకని ఇటు తిరిగానో లేదో, మాంత్రికుడు ధూమకంఠుడు గద్దలా వచ్చి ఆ పిల్లని ఎత్తుకుపోయాడు. ఎంత మొత్తుకున్నా ఎవరు విన్నారు? రాణి పోయి ఇది పిచ్చిదైందన్నారు."

తరంగుడు పుట్టాక మొదటిసారి కూలబడ్డాడు. మరుక్షణం లేచాడు. "వాడెక్కడుంటాడు?"

"ఏడు సముద్రాల అవతల."

సముద్రపొడ్డున ఒక పెద్ద తాబేలు వలలో చిక్కుకుని ఉంది. తరంగుడు వల కోసి విడిపించాడు. సంగతి విని, "నా వీపెక్కు నాయనా," అంది తాబేలు. ఒక సముద్రం దాటారు.

"ఇంకెంత దూరం తాబేలు మామా?"

"ఆరు సముద్రాలు."

"ఇప్పుడు?"

"ఆరు సముద్రాలు, నాలుగు బారలు తక్కువ."

"మరి ఇప్పుడు?"

"ఇంకొక్కసారి అడిగావంటే మునిగిపోతాను!"

అడగకుండా అలలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. మాంత్రికుడి ద్వీపం దగ్గరపడ్డాక తాబేలు అంది: "వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు నాయనా. కోటలో పంజరంలోని చిలకలో ఉంది. ముందు దాని మెడ నులుము. ఆ తరువాత మీ చెల్లెల్ని వెతుక్కుందువుగాని."

మాంత్రికుడు కోటలో లేడు. లోపల ఒకే మంచం, ఒకే కంచం, ఒకే చెంబు. ఆడపిల్ల ఉన్న జాడే లేదు. తరంగుడు పంజరం తెరిచి చిలక మెడ పట్టుకున్నాడు. గుప్పిట్లో ఉండి కూడా చిలక కాళ్ళాడిస్తూనే ఉంది. "వెయ్యిన్ని నలభై మూడు, వెయ్యిన్ని నలభై నాలుగు..."

"ఏమిటా లెక్క?"

"నా అడుగులు. కుదురుగా ఉండలేను. ఏదో ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టుంటుంది."

తరంగుడి చెయ్యి సడలిపోయింది.

గుమ్మంలోంచి పకపకా నవ్వు వినిపించింది. "ఆగావేం రా? నులుము!" అన్నాడు ధూమకంఠుడు. "మొలతాడు కట్టని పసిగుడ్డు దొరకబట్టే దాన్ని చిలకని చేసి నా ప్రాణం అందులో దాచుకున్నాను. నన్ను చంపాలంటే నీ చెల్లెల్ని చంపాలి!"

మొలతాడు! తరంగుడు వడ్డాణం నుంచి రేకులు లాగాడు. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. ఒక అడుగు వేశాడు, నిప్పులు కురిశాయి. తరంగుడు మూడు రేకులు తగిలించాడు. చిలక నడుముకి ఒక చుట్టు. మాంత్రికుడు రెండో అడుగు వేశాడు, నేల ఊగింది. మరో మూడు రేకులు, రెండో చుట్టు. మూడో అడుగుకి వాడి గోళ్ళు తరంగుడి మెడకి తగిలాయి. ఏడు. ఎనిమిది. పుట్టినప్పటి నుంచీ ఆడుతూనే ఉన్న తరంగుడి వేళ్ళు అప్పుడు ఒక్క పిసరు తడబడలేదు.

తొమ్మిది.

చిలక గట్టిగా తుమ్మింది. దాని ముక్కులోంచి నల్లటి పొగ వచ్చి గాలిలో కలిసిపోయింది. మాంత్రికుడు బూడిదకుప్పలా రాలిపోయాడు. చిలక ఉన్నచోట తరంగుడంత ఎత్తున ఒక పిల్ల నిలబడి ఉంది. నడుముకి కట్టిన రేకులు ఆమె మణికట్టుకి కడియమయ్యాయి. మిగిలిన తొమ్మిదీ తరంగుడు తన మణికట్టుకి చుట్టుకున్నాడు.

ఇద్దరూ తాబేలు వీపెక్కారు.

"ఇంకెంత దూరం తాబేలు మామా?" అంది చెల్లెలు.

"ఒకడితోనే వేగలేక చచ్చాను రా దేవుడా!" అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

రాజు కూతురికి తరంగిణి అని పేరు పెట్టాడు. పోలమ్మని పల్లకిలో పిలిపించి, "నీ మాట వినని పిచ్చివాణ్ణి నేనే తల్లీ," అని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఒకే పందిట్లో పెళ్ళిళ్ళు జరిగాయి. తరువాత రాజ్యంలో నలుగురు బిడ్డలూ నాలుగు దిక్కులు పంచుకుని, మనవలు పుట్టి వాళ్ళు లెక్కలు నేర్చేదాకా చల్లగా ఏలారు.

పెళ్ళినాడు పోలమ్మ ఆ వడ్డాణం తెచ్చి తరంగిణికి పెట్టింది. రేకులన్నీ తీసేశాక అది ఆమె నడుముకి సరిగ్గా సరిపోయింది. అది చూస్తూ తరంగుడు పీట మీద కుదురుగా కూర్చున్నాడు.