గట్టులో కలిసిన సుంకి

ఓబన్న నోరు విప్పితే ఏడు రాజ్యాలు గడగడలాడేవట. ఈ మాట చెప్పింది ఓబన్నే. అతని మేక మాత్రం ఏనాడూ అతని మాట విన్నది లేదు.

కరువుకు ఓ ఊరికి వలసవచ్చి, అక్కడ కాలువ తవ్విపెట్టాడు. నీళ్లు పారిన మర్నాడే ఆ ఊరి దొర అతన్ని గుడిసె ఖాళీ చేయమన్నాడు.

"మా తాతలు ఈ మట్టిలో కలిశారురా! తమవాళ్లు ఈ మట్టిలో ఉన్నవాళ్లదే ఈ ఊరు," అన్నాడు దొర.

"ఎక్కడ దొరా? వాళ్ల అస్థికలు ఏట్లో కలిపారుగా, ఆ ఏరేమో పొరుగు రాజ్యానికి పోయె. తవ్వకంలో చచ్చిన నా పెళ్లాం సుంకి ఈ కాలువ గట్టులోనే ఉంది. మీ లెక్కన నేనే ఊరివాణ్ణి."

చుట్టూ చేరిన జనం గొల్లున నవ్వారు. "సరే, ఉండి చావు," అని గొణిగాడు దొర.

"సుంకికి పూలు పెడతాను, చోటు చూపించు నాయనా," అంది ఓ ముసలమ్మ.

ఓబన్న తల గోక్కున్నాడు. "సిగ్గుచేటు అవ్వా! పని ఆగకూడదని దొర తరిమితే, ఆమె మీద రెండు నిలువుల మట్టి నేనే పోశాను. ఇప్పుడు గట్టంతా ఒకేలా ఉంది, ఎక్కడో నాకూ తెలియదు."