పదహారు గురిగింజల ఉంగరం

అనగనగా అంటే ఎంత అనగనగానో నన్నడగకండర్రా, నాకూ తెలీదు. బంగారాన్ని గురిగింజలతో తూచే రోజులనుకోండి. ఆ రోజుల్లో ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో మాచక్క అనే పిల్ల.

మాచక్కది పట్టుదారం తీసే పని. పట్టుగూళ్లను కాగులో మరిగే నీళ్లలో వేసి, కనీ కనిపించని దారపు కొసల్ని వేళ్లతో పట్టి రాట్నానికి చుట్టాలి. వేళ్లు చురుక్కుమంటూనే ఉంటాయి, పని ఆపడానికి లేదు. ఆ రాట్నం వాళ్లమ్మది. అమ్మ పోయాక ఆ పిల్లకు మిగిలింది ఆ రాట్నమూ, అమ్మ నేర్పిన పనీ, అంతే. ఆమె దారాన్ని చుట్టలుగా చుట్టి కట్టిన చిలపల్ని రామిశెట్టి అనే వర్తకుడు విప్పి చూడకుండానే కొనేవాడు. ఊళ్లో ఇంకెవరి సరుకునూ అలా కొనడు. విప్పి చూడక్కర్లేని సరుకన్న ఆ పేరంటే మాచక్కకు ప్రాణం.

ఆమెకు కేతన్నతో పెళ్లి కుదిరింది. కేతన్న తాటాకు గొడుగులు అల్లేవాడు. మంచివాడే. కాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ కాస్త ఎక్కువ. ఆ బెంగే కొంప ముంచింది, వినండి.

పెళ్లికూతురికి ఉంగరం చేయించాలి. కేతన్న దగ్గరున్న బంగారమల్లా వాళ్లమ్మ చెవి కమ్మ, అదీ ఒంటిది. దాన్ని పట్టుకుని కంసాలి లింగోజు దగ్గరికి వెళ్లాడు. లింగోజు తూచి, పదహారు గురిగింజల ఎత్తుందన్నాడు. ఇంత బంగారంతో సన్నగా తీగలాంటి ఉంగరం వస్తుందనీ, సన్నదైనా గట్టిదనీ, నూరేళ్లు నిలుస్తుందనీ చెప్పాడు.

కేతన్నకు మనసొప్పలేదు. వాళ్ల పెదనాన్న కొడుకు తన పెళ్లిలో ఎంత లావు ఉంగరం తొడిగాడని! రేపు ఆడవాళ్లు మాచక్క చెయ్యి పట్టుకుని చూడరూ? ఒక రాయి పొదగమన్నాడు. రాయి పొదిగితే చుట్టుకు బంగారం చాలదన్నాడు లింగోజు. సగం రాగి కలపమన్నాడు కేతన్న. అది నల్లబడుతుంది, అలాంటిది నా చేత్తో చెయ్యనన్నాడు లింగోజు. లావుగా కనబడే దారి ఇంకేదీ లేదా బాబాయీ అని కేతన్న బతిమాలాడు.

 దారి లేకపోలేదన్నాడు లింగోజు. బంగారాన్ని పల్చటి రేకుగా సాగగొట్టి, గొట్టంలా చుట్టి, లోపల ఎర్రటి లక్క నింపితే ఉంగరం లావుగానే ఉంటుంది.

"చేసిస్తాను నాయనా. ఇందులో మోసమేం లేదు, చాలామంది చేయించుకుంటారు. కానీ లక్క వేడికి ఆగదు, కరిగి కారుతుంది. ఆ పిల్లది మరిగే నీళ్ల దగ్గర పని. లోపల లక్క ఉందని ఆమెకు చెప్పి తొడుగు. చెప్పలేనంటావా, సన్నదే చేయించుకో."

చెబుతానన్నాడు కేతన్న. చెప్పాలనే అనుకున్నాడు కూడా, పాపం.

పెళ్లిలో ఆ ఉంగరం చూసి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. గొడుగులల్లేవాడికి ఇంత బంగారం ఎక్కడిదే అంటూ మాచక్క చెయ్యి ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. కేతన్నకు కడుపు నిండిపోయింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

రేపు వచ్చింది. మాచక్క కాగు ముందు కూర్చోబోతుంటే, ఉంగరం తీసి పెట్టెలో పెట్టుకోరాదా అన్నాడు. ఆమె నవ్వింది. అమ్మ పోయాక తనకోసం ఒకరు ఇంత చెయ్యడం ఇదే మొదలని, దీన్ని ప్రాణం పోయినా తియ్యనని చెప్పింది. ఆ మాట విని కేతన్న తన తాటాకుల దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది కదర్రా. చెప్పలేదు.

మూడు నెలలు గడిచాయి. రాజుగారి కూతురి పెళ్లి చీరకు మేలిమి పట్టుదారం కావాలని కోట నుంచి కబురొచ్చింది. రామిశెట్టి ఎప్పటిలాగే మాచక్క చిలపల్ని విప్పకుండా పంపాడు. వారం తిరక్కుండా అవి వెనక్కొచ్చాయి. పైపొరలు తెల్లగానే ఉన్నాయి, లోపల మాత్రం ఎర్రటి మరకలు. రామిశెట్టి కేకలెయ్యలేదు. ఇకనుంచి విప్పి చూసే తీసుకుంటానమ్మా అని మాత్రం అన్నాడు. మాచక్క ఆ చిలపలన్నీ మూటగట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ ఎరుపు చూడగానే కేతన్నకు సంగతి తెలిసిపోయింది. మాచక్కకు తెలీదు. తప్పు తన పనిలోనే ఉందనుకుంది.

మొదటిరోజు కాగుకు ఏదో పట్టిందనుకుని చింతపండూ బూడిదా వేసి చేతులు పుళ్లయ్యేదాకా తోమింది. దారానికి మళ్లీ మరక పడింది. కేతన్న మాట్లాడలేదు.

రెండోరోజు బావి నీళ్లు మంచివి కావనుకుని ఏటి నుంచి కడవలతో మోసుకొచ్చింది. కేతన్న తానూ ఒక కడవ మోశాడు. నోరు మాత్రం విప్పలేదు. మళ్లీ మరక.

మూడోరోజు ఇక రాట్నమే మిగిలింది. పాత చెక్క, నానీ నానీ రంగు దిగుతోందేమో అనుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత గొడ్డలితో ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. కేతన్న గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అని ఉంటే ఆ రాట్నం దక్కేది. 

పక్కింటివాళ్లనడిగి ఎరువు తెచ్చిన రాట్నం మీద కూడా మరక పడేసరికి మాచక్క తన చెయ్యి వెల్లకిలా తిప్పి చూసుకుంది. ఉంగరం అడుగున అతుకు దగ్గర ఎర్రగా ఏదో కారుతోంది. గోటితో నొక్కితే రేకు సొట్టపడి లక్క బయటికొచ్చింది. ఆమె నేరుగా లింగోజు దగ్గరికి వెళ్లింది. లింగోజు తానేం చెప్పాడో, కేతన్న ఏం ఒప్పుకున్నాడో అంతా ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి కేతన్న తలొంచుకుని కూర్చున్నాడు. నీకు తక్కువ చేశాననుకుంటావేమోనని భయపడ్డానని ఏడ్చాడు. మాచక్కకు కోపం కూడా రాలేదు.

"సన్నదైతే ఏం మామా, ముచ్చటగా తొడుక్కునేదాన్ని. అంతా తెలిసి కూడా మా అమ్మ రాట్నాన్ని పొయ్యిలో పెట్టనిచ్చావు."

ఆ తర్వాత లింగోజు అదే బంగారంతో సన్నటి గట్టి ఉంగరం చేసి కూలి తీసుకోకుండా ఇచ్చాడు. మాచక్క అది తొడుక్కుంది. కేతన్న తానే చెక్క కోసి కొత్త రాట్నం చేశాడు. దారం మళ్లీ తెల్లగా వచ్చింది. పిల్లలు పుట్టారు, కాపురం సాగింది. ఆమె ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, సాధించనూ లేదు.

కానీ కేతన్న సంతకెళ్లి ఏం తెచ్చిచ్చినా, గాజులైనా, గుడ్డైనా, ఆఖరికి బెల్లం ముక్కైనా, మాచక్క దాన్ని వెనక్కి తిప్పి చూసి గోటితో ఒకసారి నొక్కేది. కావాలని కాదు, తనకు తెలీకుండానే. అది చూసినప్పుడల్లా కేతన్న మొహం పక్కకు తిప్పుకునేవాడు. ముసలివాడయ్యేదాకా అంతే.

కాబట్టి పిల్లలూ, ఉన్నది కొంచెమేనని చెప్పుకుంటే ఆ కాసేపు చిన్నబోతాం, అంతే. దాచిపెడితే మాత్రం మనల్ని నమ్మినవాళ్ల నమ్మకం పోతుంది, అది మళ్లీ మునుపటిలా రాదు.